సిలిండరు పుష్కరం

2020 నవంబరు 20, శుక్రవారం నుంచి కర్నూలులో తుంగభద్ర పుష్కరాలు జరిగాయి. నదిలో మునగొద్దు, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుని ఇంటికెళ్లండని సర్కారు సెలవిచ్చింది. కరోనా కాలం, ఒప్పుకుందాం. కానీ అప్పటి దేవాదాయ మంత్రి మన బెజవాడ పశ్చిమం ఎమ్మెల్యే, కృష్ణ ఒడ్డున ఓట్లడిగిన మనిషి. మునక లేని పుష్కరమేమిటని ఆయనకైనా తోచొద్దూ? మంత్రులకు తోచనప్పుడు మాలాంటి వాళ్లే చెప్పాలి.

స్కూబా డైవింగ్ పెట్టాల్సింది.

నవ్వకండి. కరోనా నిబంధనలన్నీ తు.చ. తప్పకుండా పాటించే స్నానం ఇదొక్కటే. మొహానికి మాస్కు, అదీ గడ్డం కిందికి జారే రకం కాదు. ఎవరి గాలి వాళ్ల వీపు మీదే. పక్కవాడు దగ్గినా వాడి బుడగలు వాడివే. నోట్లో గొట్టం ఉంటుంది కనుక పుక్కిలించి ఉమ్మేవాడుండడు. విశాఖ రుషికొండలో ఈ సరదా అప్పటికే ఉంది. అక్కడి మాస్టర్లను కర్నూలుకు డెప్యుటేషన్ మీద పంపితే సరిపోయేది.

పిండప్రదానానికి ఎలాగూ స్లాట్ బుక్ చేసుకోమన్నారు. ఆ ఫారంలోనే సిలిండరు సైజు కూడా అడగాల్సింది. తెల్లకార్డుకు పది నిమిషాల గాలి, అప్పటి వలంటీరు ఇంటికే తెచ్చిచ్చేవాడు. వీఐపీలకు గంట. కష్టమల్లా పురోహితుడికే. నోట్లో గొట్టంతో సంకల్పం చెప్పలేడు, అంతా సైగలే. కౌండిన్యసకూ కౌశికసకూ సైగ ఒక్కటే అయితే ఎవరి తాతకు ఎవరి పిండం ముడుతుందో! ఇంకో సంగతి. డైవర్ల భాషలో బొటనవేలు పైకెత్తితే భేష్ అని కాదు, పైకి పోదామని. ఫ్లెక్సీల్లో వేలెత్తే అలవాటున్న నాయకులు ఘాట్ ప్రారంభోత్సవాల్లో కాస్త చూసుకోవాలి.

కర్నూలులో హిట్టయి ఉంటే 2028లో మన కృష్ణా పుష్కరాలకూ ఇదే ఏర్పాటు. ప్రకాశం బ్యారేజీ నిండితే 12 అడుగుల నీళ్లు, బోలెడు. శిక్షణకు ఖర్చూ లేదు. కృష్ణలంక, రాణిగారితోట వాళ్లకు 2020 అక్టోబరు వరదలోనే సగం కోర్సు ఉచితంగా అయిపోయింది, సిలిండరు లేకుండా.

ఇంతకీ నాకు ఒళ్లు మండింది మునగొద్దన్నందుకు కాదు. ఆ రోజుల్లో వద్దనాల్సిందే. నీళ్ల దగ్గర జనాన్ని ఆపడం ప్రభుత్వానికి చేతనవునని ఇన్నాళ్లకు బయటపడ్డందుకు. మెట్టుకో పోలీసును, ఘాటుకో కంచెను పెట్టగలరన్నమాట! 2015 జులై 14న రాజమండ్రి పుష్కరఘాట్‌లో ఆ కంచె ఏమైంది? తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోతే కమిషన్ వేశారు. తప్పంతా జనం ముహూర్తం పిచ్చిదీ, మీడియా ప్రచారానిదీ అని తేల్చి చేతులు దులుపుకున్నారు. 2017 నవంబరు 12న ఇక్కడే బెజవాడ దగ్గర, మన పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతి లేదు, ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లు లేవు. అది కదిలేటప్పుడు ఒక్క లాఠీ అడ్డురాలేదు.

అవి అంతకుముందు సర్కారు పాపాలంటారా? కచ్చులూరు ఎవరిది? 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీదుండగా, 70 మందికి పైగా జనంతో లాంచీని వదిలింది ఎవరు? 26 మంది బతికారు, అదీ ఆ ఊరివాళ్లు పడవలేసుకుని పరిగెత్తబట్టి. మునిగిన లాంచీ అక్టోబరు 22కి గానీ పైకి రాలేదు. దానికీ కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం తాళ్లు, లంగర్లు మోసుకురావాల్సి వచ్చింది. వైరస్ వస్తే తప్ప నీళ్లంటే మీకు భయం పుట్టదా? మా ప్రాణాలు పోయినప్పుడు పుట్టని భయం!

చదివేవాళ్లకు ఒక్క మాట. భవానీ ద్వీపానికి పడవెక్కితే ముందు జాకెట్ అడగండి. లేదంటే దిగిపోండి, టికెట్ డబ్బులు పోతే పోనివ్వండి.