నూగు

మిరప కోతల రోజులు. తర్రెం వైపు నుంచి వచ్చిన ముఠా మా చేను గట్టున పరదాలు కట్టుకుని దిగింది. బీజాపూర్ జిల్లాలోని ఆ ఊరు లోకానికి తెలిసింది 2021 ఏప్రిల్ 3న, ఆ చుట్టుపక్కల అడవిలో 22 మంది జవాన్లు చనిపోయినప్పుడు. మా చర్ల రైతులకు అంతకు ముందే తెలుసు. వాళ్లు రాకపోతే మా కాయ చెట్టు మీదే ఎండిపోతుంది.

ఆ మధ్యాహ్నం హైదరాబాదు నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. ఐదో నెల. పొట్ట మీద, పైపెదవి మీద నల్లగా నూగు వచ్చిందట. ఏడవడం ఒక్కటే తక్కువ. డాక్టరమ్మ నవ్వేసిందట. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్లు పొంగుతాయి, రాలాల్సిన వెంట్రుక రాలదు, లేనిచోట మొలుస్తుంది, కాన్పయిన ఆరు నెలల్లో చాలావరకు అదే పోతుంది అందట. గొంతు బొంగురుపోయి, గడ్డం మీసం ఒక్కసారిగా ముదిరితే మాత్రం వెంటనే రమ్మందట. ఎక్కడో ఒకరికి అండాశయంలో గడ్డ లేచి మగ హార్మోన్లు తయారవుతాయట. లేజరు ఇప్పుడొద్దు, మరీ చిరాకైతే దారంతో తీయించుకోమందట.

"పిచ్చిదానా, పొట్ట మీద నూగొస్తే మగపిల్లాడే," అన్నాను.

ఆ మాట నాది కాదు, మా అత్తగారిది. కడుపులో ఉన్నది ఆడో మగో స్కాన్ చేసి చెప్పడం నేరమని 1994లో చట్టం చేశారు. పొట్ట మీద వెంట్రుకలు చూసి చెప్పేవాళ్లకు ఏ చట్టమూ అడ్డం రాదు.

ఫోను పెట్టేసి చూద్దును కదా, వేపచెట్టు కింద జావ తాగుతున్న కూలీ పిల్లకీ ఏడో నెలో ఎనిమిదో నెలో. కొంగు తొలగిన చోట, బొడ్డు మీదుగా నల్లటి నూగు చార.

"మగపిల్లాడని చెప్పవయ్యా," అన్నాను మేస్త్రీతో. అతను కోయలో చెప్పాడు. ఆ పిల్ల మొహం ఏమీ వెలగలేదు. ఏదో అంది. మేస్త్రీ నవ్వాడు.

"ఆడపిల్లయితే ఓలి వస్తుంది కదా అంటోందమ్మా."

వాళ్లలో మగపెళ్లివారే ఇచ్చుకోవాలి. మా కట్నాల లెక్కల్లో పుట్టి పెరిగినదాన్ని, ఒక క్షణం ఏం అనాలో తోచలేదు.

"మీకెట్లా తెలుసని అడుగుతోంది."

"నాకూ వచ్చింది. ఇంకా ఒత్తుగా."

"కొడుకే పుట్టాడా అంటోంది."

"కూతురు!"

ముఠా అంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వొచ్చే సంగతే మరి. పురిటిగది గుమ్మంలో మా అత్తగారి మొహం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

"పిల్లలెంతమంది అంటోంది."

"ఒక్కతే. దాని ముందు రెండు నిలవలేదు."

ముప్పై ఏళ్లుగా ఎవరడిగినా ఇదే జవాబు. విన్నవాళ్లు అయ్యో అంటారు, మాట మారిపోతుంది. ఈ పిల్ల అయ్యో అనలేదు. జావ గిన్నె కింద పెట్టి, నా వంకే చూస్తూ మెల్లగా ఏదో అడిగింది. మేస్త్రీ బీడీ వెలిగించుకుంటూ, అన్నిటిలాగే దాన్నీ తెలుగులోకి తిప్పాడు.

"ఆ రెండుసార్లూ నూగు రాలేదా, అంటోందమ్మా."

అత్తగారు లాంతరు ఒత్తి పెంచి, పొట్ట దగ్గరగా వంగి, వెతికి వెతికి చూసిన రాత్రులు రెండు. రెండుసార్లూ తెల్లారేసరికి గ్లాసులో నల్లటి కషాయం. మూడోసారి చూసి లాంతరు ఒత్తి తగ్గించింది.

"రాలేదని చెప్పు," అన్నాను.

మేస్త్రీ చెప్పాడు. ఆ పిల్ల కొంగు లాక్కుని పొట్ట కప్పుకుంది.