కుయ్‌మిషను చిన్నాయన

చిన్నమ్మ చెవికమ్మ పెరట్లో పడిపోయింది. దాన్ని వెతకడానికని మా చిన్నాయన మెటల్ డిటెక్టరు తయారీకి పూనుకున్నాడు. కమ్మ ఆ సాయంత్రమే చిన్నమ్మ చీపురుకు దొరికింది. తయారీ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. "కమ్మ దొరికితే ఏమిరా, సూత్రం దొరకొద్దా?" అంటాడు.

ఇలాంటివాడు మీ చుట్టాల్లోనూ ఒకడు ఉంటాడు. మిక్సీ విప్పి మళ్ళీ బిగించాక నాలుగు స్క్రూలు మిగిలితే, కంపెనీవాడు ఎక్కువ పెట్టాడని తేల్చేస్తాడు. మా చిన్నాయన టెలిఫోన్ల శాఖలో లైన్లు చూసి చూసి రిటైరయ్యాడు. కర్నూల్లో ఆయన ఇంట్లో పప్పుల డబ్బాల కంటే కెపాసిటర్ల సీసాలే ఎక్కువ. చిన్నమ్మ ఒకసారి పోపులోకి ఆవాలనుకుని ఏం వేయబోయిందో ఆమె నోటితోనే వినాలి.

మిషను సంగతి ఆయన పాలవాడికి కూడా చెప్పి ఉన్నాడు. రెండు ఆసిలేటర్లు ఉంటాయి. రెండూ సెకనుకు ఇంచుమించు లక్షసార్లు కొట్టుకుంటాయి. ఒకటి డబ్బాలో కదలకుండా కూర్చుంటుంది, రెండోది నేలమీద తిప్పే తీగచుట్టతో కలిసి ఉంటుంది. చుట్ట దగ్గరికి లోహం వస్తే దాని వేగం రవ్వంత మారుతుంది. ఆ రెండింటి తేడాయే చెవిలో 'కుయ్' మంటుంది. మరీ దగ్గర దగ్గరగా శ్రుతి చేస్తే రెండూ కుమ్మక్కై ఒకే వేగానికి దిగిపోతాయి. అప్పుడు చిన్న నాణెం ఎదురుగా పెట్టినా కిక్కురుమనవు. "తోడికోడళ్ళు కలిసిపోయిన ఇల్లురా ఇది, లోపలి మాట బయటికి రాదు" అని చిన్నాయన వ్యాఖ్యానం.

ఎనామిల్ తీగను ఆవకాయ జాడీకి చుట్టాడు. మిషను పలకలేదు. తీగ కొసల మీది పూత గీకకుండానే సోల్డరింగు పెట్టాడని తర్వాత తేలింది. తేలింది అంటే ఆయనే తేల్చుకున్నాడు. ఆయన తప్పు ఇంకొకరు చెప్పడానికి వీల్లేదు. గీకాక పలికింది గానీ మనిషి చెయ్యి దగ్గరికొచ్చినా కూసింది. అందుకని చుట్టకు అల్యూమినియం రేకు చుట్టాడు. ఆ దెబ్బతో మళ్ళీ మూగబోయింది. రేకు గుండ్రంగా పూర్తిగా మూసుకుంటే అదే ఒక చుట్టై కూర్చుని ఉన్న శక్తంతా మింగేస్తుంది, అర అంగుళమైనా సందు వదలాలి. ఆ సందు కనిపెట్టిన రోజు చిన్నమ్మచేత పాయసం చేయించాడు. నిజం చెప్పొద్దూ, పాయసం తింటుంటే నాకూ ఏదో గెలిచినట్టే అనిపించింది.

తర్వాత చుట్టను ప్లాస్టిక్ పళ్ళేనికి ఇనుప స్క్రూలతో బిగించాడు. దాంతో అది కనిపెట్టిన మొదటి లోహం తన స్క్రూలే. ఎండలో పెడితే చుట్ట వేడెక్కి శ్రుతి జారిపోయేది. నీడలోకి తెస్తే చిన్నమ్మ మెట్టెలకు కూసేది. "ఏమే, కాస్త అవి తీసి రా" అన్నాడొకసారి. ఆవిడ ఏం మాట్లాడకుండా బ్యాటరీ పీకి లోపలికెళ్ళిపోయింది.

ఎవరైనా నవ్వితే గ్రాహంబెల్‌ను పట్టుకొస్తాడు. టెలిఫోను మనిషి కదా, బెల్ ఆయనకు ఇలవేలుపు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను తుపాకీతో కాల్చారు. ఒంట్లో ఉండిపోయిన గుండు జాడ తీయడానికి బెల్ ఇలాంటి యంత్రమే తెచ్చి వెతికాడు. గుండు దొరకలేదు, అధ్యక్షుడు దక్కలేదు. పరుపులోని ఉక్కు తీగలు యంత్రాన్ని తికమకపెట్టాయంటారు. "బెల్‌కే మంచం అడ్డమొచ్చిందిరా, నాకు మీ చిన్నమ్మ అడ్డమొస్తే తప్పా?" ఈ కథ పెళ్ళిళ్ళలో రెండో వడ్డనకు ముందే మొదలవుతుంది. పెరుగన్నం దాకా సాగుతుంది.

చివరికి మిషన్ను సొంతూరికి తీసుకెళ్ళాడు. మాది తుగ్గలి వైపు. తొలకరి పడితే చాలు, జనం వంగి నడుస్తూ ఎర్రచేలల్లో వజ్రాలు వెతికే నేల. మిషన్ను చూడగానే ఊరు ఊరంతా వెనకపడింది. "వజ్రం లోహం కాదబ్బా, ఇది దానికి కూయదు" అని చెప్పీ చెప్పీ గొంతు పోయింది. పోనీ లంకెబిందెలైనా చూపించమన్నారు. అప్పుడు చట్టం తీశాడు: 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దాగిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. సగం గుంపు అక్కడే పలచబడింది. మిగతా సగం ముందర ఎద్దుల లాడాలు, సోడామూతలు, వంగిన మేకులు బయటపడ్డాయి. చివరగా పదిరూపాయల బిళ్ళ ఒకటి దొరికింది. వెనక నడుస్తున్నవాడెవడో ఆ పొద్దే జారవిడిచిందని నా అనుమానం. చిన్నాయన దాన్ని తుడిచి, "పది దాటలేదు, కలెక్టరు దాకా పోనక్కర్లేదు" అని జేబులో వేసుకున్నాడు.

ఆ బిళ్ళతో చిక్కొచ్చి పడింది. మిషను పనిచేస్తోందని రుజువైపోయింది. రుజువైనదాంతో చిన్నాయనకు పనేముంది? వారం తిరక్కుండా విప్పేశాడు. ఇప్పుడు పల్స్ రకం చేస్తానంటున్నాడు. చుట్టలోకి కరెంటును దెబ్బలు దెబ్బలుగా పంపి, ఆపిన మరుక్షణం తిరిగొచ్చే సద్దు వినడం. ఎర్రమట్టిలోని ఇనుము దీన్ని అంతగా ఏమార్చలేదట.

నేను హైదరాబాదులో ఉన్న పాపానికి సామాను తెచ్చే పని నాది. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్ళి మాస్‌ఫెట్‌లు, ఆప్‌యాంపులు, ఎనామిల్ తీగ కొనుక్కొస్తుంటాను. ఈమధ్య ప్రతిదీ రెండేసి తీసుకుంటున్నాను. రెండోది ఎవరికని మా ఆవిడ అడిగితే స్పేరు అని చెప్పాను. అల్మరాలో ఒక సీసా కూడా ఖాళీ చేశాను.

నిన్న రాత్రి చిన్నాయన ఫోను చేసి జాబితా అంతా చదివి, పెట్టేసేముందు అన్నాడు: "ఒరే, ఈసారి బెల్టు లేని ప్యాంటు వేసుకుని రా. పోయినసారి నా రీడింగులన్నీ నీ బకిల్ వల్లే చెడిపోయినాయి."