ట్యాగు తలుపు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
జేబులోన ట్యాగు చేరియుండిన చాలు
తలుపు విడును చూడ తనకు తానె
ఇంట మరచి రాగ నేమి చేతురొ కాని
కాపలయ్య దిక్కు కడకు మనకు

టీక: జేబులోన = చొక్కా జేబులో. ప్యాంటు వెనక జేబని కొందరన్నారు, అది పొసగదు. అపార్టుమెంటు తలుపు తెరిచే ఈ ట్యాగు బిళ్ల బ్యాటరీ మీద బతుకుతూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర బ్లూటూత్‌లో తన నంబరు చెప్పుకుంటూ ఉంటుంది. మన ఒంట్లో ఉన్న నీరు ఆ తరంగాల్ని మింగేస్తుంది. అందుకే వెనక జేబువారు గాజు తలుపు ముందు ఓసారి అటూ ఓసారి ఇటూ తిరిగి వీపు చూపించుకోవాల్సి వస్తుంది.

ట్యాగు = బిళ్ల. బ్యాటరీ లేని జాతి కూడా ఉంది. కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్ ఆ కోవదే. 865–867 మెగాహెర్ట్జ్ మధ్య రీడరు పంపే తరంగంలోంచే శక్తి తీసుకుని, దాన్నే తిరగ్గొట్టి జవాబిస్తుంది. ఎదుటివాడి సొమ్ముతో ఎదుటివాడికే విందు. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి దగ్గర ఈ ఫాస్టాగ్ తప్పనిసరి.

విడును = అయస్కాంతపు పట్టు వదులును. ఈ తాళానికి కరెంటున్నంతసేపే బిగువు. మంటలు లేస్తే జనం లోపల చిక్కుకోకూడదని అలా చేశారు. కరెంటు పోయి, బ్యాకప్పూ చేతులెత్తేసిందా, ట్యాగున్నవాడూ లేనివాడూ ఒకటే. ‘తనకు తానె’ అన్న మాట నిజమయ్యేది అప్పుడే.

చూడ = పాదపూరణమని ఆక్షేపించరాదు. రెండు చేతులా కూరల సంచులతో పక్క ఫ్లాటావిడ చూస్తుండగా, అని అన్వయం. ఇలా తాళంచెవి లేకుండా తలుపు తెరిచే కార్డుకు చార్లెస్ వాల్టన్ అమెరికాలో 1973లోనే పేటెంటు పుచ్చుకున్నాడు. కూరల సంచుల సంగతి ఆయనకు తెలుసో లేదో.

ఇంట = సొంతూరు కె.కోటపాడు ఇంట. పండక్కి వెళ్ళి, పెరట్లో దండెం మీద వదిలేసిన చొక్కా జేబులో అని భావం. ఆ ఇంటి వీధి తలుపు పగలంతా బార్లా తీసే ఉంటుందన్నది అప్రస్తుతం.

కాపలయ్య = మధురవాడ అపార్టుమెంటు వాచ్‌మన్; ఆయనదీ కోటపాడే. “ఏటి బాబూ, బిళ్ల ఊర్లోనే ఇడిసీసినావేటి?” అంటూ స్టూలు మీంచి లేచి లోపలి మీట నొక్కుతాడు.

తాత్పర్యం: స్పష్టం.

పాఠాంతరం: నాలుగో పాదంలో ‘కాపలయ్య’ తీసేసి ‘సీసికెమెర’ అని అసోసియేషన్‌వారి ప్రతిలో దిద్దారు. గణాలు సరిపోయాయి గానీ యతి చెడింది. గ్రాహ్యం కాదు.