ముక్కోణపు అద్దం గొళ్ళెము: సటీకా తాత్పర్యము

మూలము

"ఒరిజినల్ దొరకదు సార్. దొరికితే ఫోన్ చేస్తా. దొరికినప్పుడు రేటు అడక్కండి."

అవతారిక

ఇది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, మోటారు విడిభాగాల కొట్లు బారులు తీరిన ఒక సందులో, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్న ఒక కొట్టు యజమాని నోట వెలువడిన వాక్యత్రయము. శ్రోత ఈ వ్యాఖ్యాతయే. సందర్భము: 1966 నాటి ఫియట్ 1100 డిలైట్ కారు, దాని ఎడమవైపు ముందు తలుపు, ఆ తలుపు ముందు కొసన ఉండే ముక్కోణపు చిన్నద్దము, ఆ అద్దాన్ని మూసి పట్టి ఉంచే చూపుడువేలంత గొళ్ళెము. కార్లలో ఏసీలు లేని రోజుల్లో ఆ చిన్నద్దాన్ని కాస్త తిప్పి పెట్టుకుంటే గాలి తిన్నగా వచ్చి మొహానికి కొట్టేది. ఆ సుఖం ఎరగనివారు ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తెలుసుకొని వచ్చి తక్కినది చదువుదురు గాక.

వ్యాఖ్యకు ప్రయోజనము చెప్పవలెను. నిరుడు చలికాలం పాత కార్ల ప్రదర్శన ఒకటి జరిగితే మా బండిని తీసుకెళ్ళాను. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒక పరీక్షకుడు బండి చుట్టూ ప్రదక్షిణం చేసి ఎడమ గొళ్ళెం దగ్గర ఆగాడు. నాడి పట్టుకుని పెదవి విరిచే వైద్యుడిలా, "ఇది ఒరిజినల్ కాదండీ" అన్నాడు. నిజమే, కాదు. అసలుది ఎప్పుడో విరిగిపోతే మా నాన్నగారు బీరువా తలుపు గడియ ఒకటి తెచ్చి, ఆకురాయితో అరగదీసి, రెండు మరలతో బిగించారు. ముప్ఫై ఏళ్ళు దాటినా అది ఒక్కనాడు మొరాయించలేదు. పరీక్షకుడి మాట పట్టుకుని నేను ఆ వారమే దాన్ని పీకించేశాను. పీకిన గడియ షెడ్డులో తుక్కులో కలిసింది. తరవాత కురిసిన మొదటి వానకే మా ఆవిడ ఎడమ భుజం తడిసి ముద్దయింది. కావున ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థము

మన వ్యాఖ్యాతలకు ఒక అలవాటు ఉంది. చెట్టు అనగా వృక్షము, వృక్షము అనగా తరువు అని అరపేజీ నింపుతారు. పాఠకుడు నిజంగా తల పట్టుకు కూర్చున్న చోట మాత్రం "సుగమము" అని ఒక్క ముక్క రాసి చల్లగా దాటిపోతారు. నేనలా చెయ్యను. సార్, ఫోన్, రేటు అనే మాటలకు అర్థము రాయబోవుట లేదు.

ఒరిజినల్: దీనికి యౌగికార్థము "మూలమునకు చెందినది" అని. ఆ అర్థంలో ఈ మాటను రాణిగంజ్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ ఎవ్వరూ వాడరు. రూఢ్యర్థము "పెట్టెలో ఉన్నది". ఆ అట్టపెట్టె నలిగి ఉండవలెను, మీది అచ్చు సగం చెరగవలెను, లోపలి జిడ్డు కాగితము పచ్చబడవలెను. అదే వస్తువు పెట్టె లేకుండా వస్తే "సెకండ్స్". ఇంకో బండి నుంచి ఊడదీసినది "తుక్కులోది". లేతు మీద చేయించినది "డూప్లికేట్". ముంబై నుంచి వచ్చిన డూప్లికేట్ అయితే "డూప్లికేట్‌లో ఒరిజినల్". ఈ కడపటి ప్రయోగము వదతోవ్యాఘాతమని తార్కికులు ఆక్షేపింతురు. కొట్టాయన ఆక్షేపించడు, దాని ధర వేరే ఉంది.

పోనీ యౌగికార్థమే పట్టుకుని మూలం దాకా వెళ్దామంటే, మూలం జారిపోతూ ఉంటుంది. ఈ బండి 1953లో ఇటలీలోని టూరిన్‌లో పుట్టింది. మన దేశంలో దాన్ని తయారుచేసింది ముంబై కుర్లాలో ప్రీమియర్ వారు. 1964లో డిలైట్ అయింది. 1972లో ప్రెసిడెంట్, 1974 నుంచి పద్మిని. పేరు మారినా లోపల అదే 1089 సీసీ ఇంజను, చక్రం పక్కన అదే గేరు కర్ర. టూరిన్ వాడి లెక్కన కుర్లా బండి మొత్తం డూప్లికేటే. ఇక గొళ్ళెం సంగతా? కార్ల కంపెనీలు ఇలాంటి చిల్లర సామాను చాలామటుకు బయటి చిన్న కార్ఖానాల చేత చేయించుకునేవే. ఆ చిన్న కార్ఖానా మేస్త్రీ చేసినది ఒరిజినల్, మా వీధి చివరి మేస్త్రీ చేసినది డూప్లికేట్ ఎందుకయిందో ఏ శాస్త్రమూ చెప్పదు. అట్టపెట్టె చెబుతుంది.

ఫియట్ అనే పదం మూలంలో లేదు. అయినా చెప్పకుండా ఉండలేను. టూరిన్ నగరపు ఇటాలియన్ మోటారు కార్ఖానా అన్న పొడుగు పేరుకి అవి పొడి అక్షరాలు. లాటిన్ భాషలో ఆ మాటకే "అగుగాక" అని అర్థం. అనగా తథాస్తు. పేరులోనే తథాస్తు పెట్టుకున్న బండికి ఊరూరా "దొరకదు" అన్న జవాబు రావడం శ్లేషమూలక విరోధాభాసము. పద్మిని అన్నది మేవాడ్ రాణి పేరు. స్త్రీ జాతులు నాలుగని చదువుకున్నవారికి వేరే స్ఫురణ కూడా కలుగును. ఆ వరసలో అంబాసిడర్ ఏ జాతిదో దాని వెనక భాగం చూసినవారికి నేను చెప్పనక్కరలేదు.

దొరకదు: ఇదే ఈ వాక్యానికి ప్రాణము. అభావము నాలుగు విధములని నైయాయికులు. కుండ పుట్టకముందు కుండ లేకపోవడం ప్రాగభావము. "వచ్చే వారం ముంబై సరుకు దిగుతుంది సార్, అప్పుడు రండి" అన్నది ఈ కోవలోనిది. నేను అయిదు వచ్చే వారాలు వెళ్ళాను. కుండ పగిలాక లేకపోవడం ప్రధ్వంసాభావము. "కంపెనీయే పోయింది, ఇంకెక్కడి గొళ్ళెం" అన్న నిట్టూర్పు దీనికి ఉదాహరణము. కుండ గుడ్డ కాదు, గుడ్డ కుండ కాదు అన్నది అన్యోన్యాభావము. పద్మిని గొళ్ళెం డిలైట్‌కి పట్టదని ఒకరు, భేషుగ్గా పడుతుందని పక్క కొట్టువారు గంటసేపు వాదించుకున్నారు. ఇద్దరి దగ్గరా ఏ గొళ్ళెమూ లేదు. గాలికి రంగు లేనట్లు మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావము. ఈ చివరి పక్షమే నిజమైతే నేను హాయిగా ఇంటికి పోయేవాణ్ణి. కాని "దొరికితే" అని రెండో వాక్యం ఉందే! అత్యంతాభావం గలదానికి చేదర్థకం పొసగదు. ఆ ఒక్క "తే" మీద ఆశ పెట్టుకుని ఎనిమిది నెలలు తిరిగాను.

పాఠాంతరములు

విజయవాడ ఆటోనగర్ ప్రతిలో "దొరికితే కబురు చేస్తా బాబుగారూ" అని ఉన్నది. చెన్నై పుదుప్పేట ప్రతిలో "కిడైక్కాదు సార్" అని మొదటి వాక్యము మాత్రమే మిగిలినది. తక్కినది తలూపుటచే పూరించుకోవలెను. కార్ఖానా పుట్టిల్లయిన కుర్లాకు పోతే మూలపాఠమే దొరుకునని వెళ్ళితిని. అక్కడ "నహీ మిలేగా సాబ్, మిలా తో ఫోన్ కరూంగా" అన్నారు. అర్థభేదము లేదు. రైలు ఖర్చు మాత్రము అధికము.

విశేషములు

మూలము అన్న మాట వచ్చింది గనుక మల్లినాథసూరిని తలచుకోకుండా ముందుకు పోవడం దోషం. కోలాచల మల్లినాథుడిది మన మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ప్రతిన పట్టాడు. పాత కార్ల పరీక్షకులు ఈ ప్రతినలో మొదటి సగమే పాటిస్తారు. రెండో సగం వారు పాటించగా నేను చూడలేదు. నా మాట ఎత్తకండి, నేను రెండూ పాటించడం లేదు.

ఆయన తన వ్యాఖ్యలకు పెట్టిన పేర్లు చూస్తే మోటారు షెడ్డు ముందు నిలబడి పెట్టాడేమో అనిపిస్తుంది. కిరాతార్జునీయానికి ఘంటాపథం: గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాచబాట, అంటే మన హైవే. శిశుపాలవధకు సర్వంకష: దేన్నైనా ఒరిసి పారేసేది, అంటే ఎమరీ కాగితం. కాళిదాసు మూడు కావ్యాలకు సంజీవని. దుష్టవ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయి ఉన్న కాళిదాసు వాక్కును తన వ్యాఖ్య లేపి కూర్చోబెడుతుందని ఆయన చెప్పుకున్నాడు. మా మేస్త్రీ సరిగ్గా ఇంతే. ఏ బండి బానెట్ ఎత్తినా అతని మొదటి మాట, "ఎవరు సార్ దీన్ని ముట్టుకున్నది?" పూర్వ వ్యాఖ్యాతలను తిట్టకుండా పానా చేతపట్టిన మేస్త్రీ ఇంతవరకు పుట్టలేదు.

ఇంకొక ముచ్చట. నన్నయ భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం 142వ పద్యం దగ్గర ఆగిపోయింది. తరవాత తిక్కన వచ్చి విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మధ్యలో ఖాళీ అలాగే ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి ఆ ఖాళీ పూరించాడు. ఎలా? తన పేరు మీద కాకుండా, నన్నయే రాస్తున్నట్టు, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితం ఇస్తూ. మొదలు నన్నయ శైలి, కొస తిక్కన శైలి, అతుకు కనపడదు. మూడు వందల ఏళ్ళ కిందట తయారీ ఆగిన మోడల్‌కి కొలతలు తీసి భాగం చేసి బిగించినట్టు! పోతన భాగవతం కథా అంతే. అయిదో స్కంధం బొప్పరాజు గంగనది, ఆరు ఏర్చూరి సింగనది, పదకొండు పన్నెండు వెలిగందల నారయవి. ఏ ఇంట్లో పురాణ కాలక్షేపం జరుగుతుంటే ఎవరు లేచి "ఆరో స్కంధం ఒరిజినల్ కాదండీ, మార్కులు తగ్గుతాయి" అన్నారు? అజామిళుడి కథ ఆ ఆరో స్కంధంలోనే ఉంది. కంపెనీ సరుకు కాదని అజామిళుడికి మోక్షం ఆగిందా? ఈ లెక్కన మా నాన్నగారు బిగించిన బీరువా గడియ ప్రక్షిప్తం కాదు, శిథిలపూరణం. దాన్ని పీకించినవాడు పండితుడు కాదు, పురుగు. అంటే నేనే.

ఎక్కడున్నాం? గొళ్ళెం దగ్గర.

రాజశాసనము ఏమి చెప్పుచున్నదో కూడ విచారింతము. 2021లో కేంద్రం వారు పాత బండ్లకు నియమాలు తెచ్చారు. యాభై ఏళ్ళు దాటి ఉండాలి; తొలి రూపంలో ఉండాలి; ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళ తరవాత మళ్ళీ నమోదుకు 5,000. నంబరులో వీఏ అని అక్షరాలు వేస్తారు. గొళ్ళెం మాట అందులో ఎక్కడా లేదు. ప్రభుత్వానికి ఉన్న ఔదార్యం తెల్ల చేతితొడుగులాయనకి లేకపోయింది. అయితే అందులోనే ఇంకో ముక్క ఉంది: ఆ బండిని రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. మా బండి ఆదివారం ఆదివారం రైతుబజారుకు వెళ్తుంది. డిక్కీలో ఉల్లిపొట్టు ఉంటుంది. యాభై ఏళ్ళు తిరిగిన బండిని పెద్ద చెయ్యి పడకుండా ఉంచడం ఎలాగో ఎవరైనా చెప్పండి. తిరగకుండా ఉంచితే ఉంటుంది. బట్ట కప్పి, బ్యాటరీ వైరు పీకి, పండగకి ఒకసారి తుడిచి ఉంచాలి. దానికి కారెందుకు, విగ్రహం చాలదా! ఇది టీక కాదు, కోపం. క్షమించవలెను.

రేటు అడక్కండి: ఇది నిషేధవాక్యము. నిషేధమునకు ప్రసక్తి ఉండవలెనని మీమాంసకులు. అడుగువాడున్నప్పుడే అడగవద్దనుట చెల్లును. కొట్టాయన ధర ముందే అనుకుని ఉంచడు. వచ్చినవాడి చెప్పులు చూసి, తరవాత ఆత్రం చూసి నిర్ణయిస్తాడు. నేను ఎనిమిదోసారి వెళ్ళేసరికి నా చెప్పులు అరిగిపోయాయి. ఆత్రం మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మా మేస్త్రీ మొదటి రోజునే, "కుడిది ఊడదీసి కొలతలిస్తే లేతు మీద పూటలో అయిపోతుంది సార్, ఆరు వందలివ్వండి" అన్నాడు. నేను అతనితో ఏమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "అది ఒరిజినల్ కాదు కదయ్యా" అన్నాను. అచ్చం ఆ పరీక్షకుడి గొంతుతో. అప్పటినుంచి మా ఆవిడ వానపడితే నిన్నటి పేపరు నాలుగు మడతలు పెట్టి ఆ సందులో కుక్కుకుంటోంది.

అన్వయము

ఈ వ్యాఖ్య ఇంతవరకు సాగిన పిదప, మొన్న బుధవారం రాణిగంజ్ నుంచి ఫోను వచ్చింది. "సార్, దొరికింది." రేటు అడగలేదు. పరుగున వెళ్ళాను. పెట్టె నలిగింది. అచ్చు సగం చెరిగింది. జిడ్డు కాగితం పచ్చబడి, విప్పుతుంటే వేళ్ళకు అంటుకుంది. లోపల గొళ్ళెం మెరుస్తోంది, నిన్న పోసినట్టు.

"కుడివైపుది సార్," అన్నాడాయన, నుదుటి మీది కళ్ళజోడు దింపి. "కానీ ఒరిజినల్."

మా బండి కుడి గొళ్ళెం పుట్టినప్పటిది. ఈనాటికీ చెక్కు చెదరలేదు.

ఇంటికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. మా ఆవిడ గుమ్మంలోనే నా చేతిలోని అట్టపెట్టె చూసి, "హమ్మయ్య, ఎడమదేనా అండీ?" అంది.

తాత్పర్యము

సుగమము.