కొత్త అల్లుడి ఇన్నింగ్స్

క్రికెట్లో ఒక రకం ఆటగాడున్నాడు. సొంత దేశంలో పేరు చెబితే పక్కవీధివాళ్లు కూడా "ఎవరూ?" అంటారు. ఎవరి మోకాలికో దెబ్బ తగిలితే తప్ప జట్టులో చోటుండదు. అలాంటివాడి పేరు పాలకొల్లు నుంచి అమలాపురం దాకా ఏ టీ కొట్టు దగ్గర ఎత్తినా, గ్లాసు బల్ల మీద పెట్టి మరీ తిట్టేవాళ్లు దొరుకుతారు. చేసిన నేరం ఒక్కటే, మన మీద ఆడటం. "ఎక్కడా ఆడడండి, మనోళ్ల మీదకొచ్చేసరికి పూనకం వచ్చేత్తాదండి, ఆయ్" అని గోదావరి జిల్లాలు ఏనాడో తీర్పు చెప్పేశాయి. తీర్పులో సగం నిజముంది. పూనకం రావడం నిజమే. అది మన కర్మ కొద్దీ వచ్చిందనుకోవడమే తప్పు. తెప్పించుకున్నది మనమే.

సంక్రాంతికి మన డెల్టాకి వచ్చే కొత్త అల్లుణ్ని చూడండి. సొంతింట్లో చారన్నం తిని పడుకునే మనిషే. అత్తారింట్లో విస్తరి చుట్టూ వందరకాలు పేర్చేసరికి పేపర్లో ఫొటో పడే మొనగాడవుతాడు. అందులో అతని ప్రతిభేముంది, వడ్డించినవాళ్ల ఉదారత గాని! 2017 ఫిబ్రవరిలో పుణేలో ఆస్ట్రేలియా స్పిన్నర్ స్టీవ్ ఓకీఫ్‌కి జరిగిన మర్యాద సరిగ్గా ఇదే. అశ్విన్, జడేజాలు చెలరేగుతారన్న ఆశతో మొదటిరోజే దుమ్మురేగే పిచ్ సిద్ధం చేసిపెట్టాం. ఓకీఫ్ దాని మీద మాయలేమీ చెయ్యలేదు. బంతిని వికెట్ల వరుసలో వేస్తూ పోయాడు. కొన్ని తిరిగాయి, కొన్ని తిరగలేదు. ఏది తిరుగుతుందో వేసినవాడికే తెలియనప్పుడు ఆడేవాడికి తెలిసే దారేది? రెండు ఇన్నింగ్సుల్లోనూ 35 పరుగులకే 6 వికెట్లు తీశాడు. మనవాళ్లు 105కీ, 107కీ చాపచుట్టేశారు. మామూలు పిచ్ మీద అశ్విన్‌కీ అతనికీ మధ్య ఉన్న దూరాన్ని మన చేతులతో మనమే చెరిపేసుకున్నాం. పిచ్ బాగాలేదని మ్యాచ్ రిఫరీయే రాశాడు. ఆ సిరీస్‌లో మిగిలిన మూడు టెస్టుల్లో ఓకీఫ్‌కి దక్కినవి మొత్తం 7 వికెట్లు. పండుగ అయిపోయింది, మళ్లీ చారన్నమే.

ఇంత జరిగాక బుద్ధి రావాలి కదా? 2024 జనవరిలో ఉప్పల్లో ఇంగ్లండ్ స్పిన్నర్ టామ్ హార్ట్లీ టెస్టుల్లో వేసిన మొట్టమొదటి బంతినే యశస్వి జైస్వాల్ సిక్సర్ కొట్టాడు. మనకి 190 పరుగుల ఆధిక్యం కూడా వచ్చింది. తీరా రెండో ఇన్నింగ్సులో అదే హార్ట్లీ 62 పరుగులకు 7 వికెట్లు తీసి 28 పరుగుల తేడాతో మనల్ని ఇంటికి పంపాడు. అదే ఏడాది అక్టోబరులో న్యూజీలాండ్ స్పిన్నర్ మిచెల్ శాంట్నర్ వంతు. అంతకుముందు టెస్టుల్లో ఒక్క ఇన్నింగ్సులోనైనా ఐదు వికెట్లు తీసి ఎరగడు. మన మీద ఒకే మ్యాచ్‌లో 13 తీశాడు. అదీ పుణేలోనే. ఆ ఊరికి అల్లుళ్లంటే మరీ అభిమానంలా ఉంది.

పిచ్ వాదన స్పిన్నర్ల వరకే పనికొస్తుందనీ, బ్యాటుతో చితకబాదినవాళ్ల సంగతేమిటనీ అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2002 మార్చి 7న ఫరీదాబాద్‌లో జింబాబ్వేవాడు డగ్లస్ మారిలియర్ ఆటే అందుకు జవాబు. ఆఫ్ స్టంపు వైపు జరగడం, జహీర్ ఖాన్ బంతిని భుజం మీదుగా ఫైన్‌లెగ్ అవతలికి ఎత్తిపోయడం, అంతే పని. 24 బంతుల్లో 56 నాటౌట్. ఒక్క వికెట్ తేడాతో జింబాబ్వే నెగ్గింది. అక్కడ ఫీల్డర్ని ఎందుకు పెట్టలేదంటే, అప్పట్లో అక్కడికి పెద్దగా ఎవరూ కొట్టేవాళ్లు కాదు గనక. పేరున్నవాడి ఆట వీడియోల్లో వందసార్లు చూసి వస్తారు. పేరులేనివాణ్ని ఎవరూ చూడరు. అనామకత్వమే అతని ఆయుధం. శ్రీలంక స్పిన్నర్ అజంతా మెండిస్ 2008లో కరాచీ ఆసియా కప్ ఫైనల్లో 13 పరుగులకు 6 వికెట్లు, తర్వాత మూడు టెస్టుల్లో 26 వికెట్లు తీసింది మనవాళ్లు అతని వేళ్లు చదవక ముందే. చదివాక, 2009 చివర్లో మన దేశానికి వస్తే ఆ మంత్రం పారలేదు.

"అయినా ఇదంతా మనకే ఎందుకండీ?" అన్నది పెద్దల ప్రశ్న. పందెంలో డబ్బులు పోగొట్టుకున్నవాళ్లకి ఈ ప్రశ్నే రాదు, ఫిక్సింగ్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వాళ్లనలా ఉంచి, గెలిచిన రోజులు గుర్తు చేసుకుందాం. 1998 జనవరిలో ఢాకా ఫైనల్లో రెండు బంతుల్లో మూడు పరుగులు కావాల్సినప్పుడు సక్లయిన్ ముస్తాక్‌ని ఫోర్ కొట్టిన హృషికేశ్ కానిట్కర్ మొత్తం ఆడిన వన్డేలు 34. 1988లో చెన్నైలో తొలి టెస్టులోనే వెస్టిండీస్‌వి 16 వికెట్లు కూల్చిన నరేంద్ర హిర్వాణీ ఆ తర్వాత ఆడినవి మరో 16 టెస్టులే. 2005 ఏప్రిల్ 5న విశాఖలో పాకిస్తాన్ మీద 148 కొట్టిన జులపాల కుర్రాడు అంతకు ముందు నాలుగు ఇన్నింగ్సుల్లో చేసినవి 0, 12, 7, 3. ఆ రాత్రి లాహోర్ టీ కొట్ల దగ్గరా ఇదే ఏడుపు ఏడ్చి ఉంటారు. ఆ కుర్రాడు ధోనీ అయ్యాడు కాబట్టి ఈ పద్దులోంచి పేరు కొట్టేశారు. గొప్పవాడైపోతే ఇందులో చోటు లేదు, ఇతగాడు ఎప్పటికీ మామూలువాడిగానే మిగలాలి. అదే ఈ కొలువుకి అర్హత.

ఇంకో అర్హత ఉంది, మనం ఓడిపోవాలి. 2021 డిసెంబరులో వాంఖడేలో న్యూజీలాండ్ స్పిన్నర్ ఎజాజ్ పటేల్ ఒకే ఇన్నింగ్సులో మనవాళ్లవి పదికి పది వికెట్లూ తీశాడు. మన డెల్టాలో ఎవరైనా తిట్టారా? పైగా పుట్టింది ముంబైలోనేనట, మనవాడేనని మురిసిపోయారు. 372 పరుగుల తేడాతో గెలిచిన రోజున అంత ఉదారత పోటెత్తడంలో వింత లేదు. 2008లో నాగపూర్‌లో ఆస్ట్రేలియా స్పిన్నర్ జేసన్ క్రేజా తొలి టెస్టులోనే 12 వికెట్లు తీశాడు. అతను ఆడినవే రెండు టెస్టులు, రెండోదానిలో దక్కింది ఒక్క వికెట్. నాగపూర్‌లో మనమే గెలిచాం కనక అతని పేరిప్పుడు ఎవరికీ నోరు తిరగదు. కానీ మొహాలీలో మనల్ని ఓడించిన ఆస్ట్రేలియా ఆటగాడు జేమ్స్ ఫాక్‌నర్ ఒక్క ఓవర్లో కొట్టిన 30 పరుగులు బంతి బంతికీ అప్పజెప్పేవాళ్లున్నారు. అదే మొహాలీలో 2019 మార్చి 10న మరో ఆస్ట్రేలియన్ ఆష్టన్ టర్నర్ 43 బంతుల్లో 84 కొట్టి 359 లక్ష్యాన్ని దాటించాడు. మరుసటి నెల ఐపీఎల్‌లో రాజస్థాన్ జట్టుకి ఆడుతూ వరసగా మూడు మ్యాచ్‌ల్లో మొదటి బంతికే డకౌటయ్యాడు. ఇక్కడి చొక్కా తొడిగితే అల్లుడు కాస్తా ఇంటి కొడుకైపోతాడు, వడ్డన ఆగిపోతుంది.

కాబట్టి ఈసారి విదేశీ జట్టు పేర్లు పేపర్లో పడ్డప్పుడు కెప్టెన్‌నీ, పెద్ద పేర్లనీ చూసి గుండెలు బాదుకోకండి. చిట్టచివర, ఎవరికో గాయమైతే పిలిచామని రాసిన పేరొకటి ఉంటుంది. దాన్ని ముందే నోరు తిరిగేలా నేర్చుకోండి, తిట్టుకోడానికి ఎలాగూ కావాలి.