తొంభై శాతం డిస్కౌంటులో తప్పు

మన దేశంలో పెద్ద పరిశ్రమ ఏదైనా మూడేళ్లకోసారి తన ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో అధికారికంగా తెలుసుకుని తీరాలి. తెలుసుకున్నాక ఏమన్నా చేసి తీరాలా అంటే, అది వేరే సంగతి. 2001 ఇంధన పొదుపు చట్టం, 2002 మార్చి 1న పుట్టిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ), 2010లో వచ్చిన ఆడిట్ నిబంధనలు కలిసి కట్టిన ఏర్పాటు ఇది. సిమెంటు, ఉక్కు, ఎరువులు, కాగితం, థర్మల్ కేంద్రాల వంటివి ఒక హద్దు దాటి ఇంధనం వాడితే 'డిజిగ్నేటెడ్ కన్స్యూమర్' అనే హోదా దక్కుతుంది. హోదాతో పాటు పరీక్ష పాసైన ఎనర్జీ మేనేజరును పెట్టుకోవాలి, ఏటా రిటర్ను దాఖలు చేయాలి, గుర్తింపు పొందిన ఆడిటర్ చేత ఆడిట్ చేయించుకోవాలి. ఆ ఆడిటర్‌ను ఎంచుకునేదీ కంపెనీయే, ఫీజు చెల్లించేదీ కంపెనీయే. ఆయన బాయిలరు పొగగొట్టం దగ్గర్నుంచి పంపుల దాకా కొలిచి, ఏ పనికి ఎంత ఖర్చవుతుందో, పెట్టిన డబ్బు ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో పట్టిక వేసి ఇస్తాడు. పట్టిక అందుకోవడం చట్టరీత్యా తప్పనిసరి. అమలు యాజమాన్యం విజ్ఞతకు వదిలేశారు. ఏ చర్య తీసుకున్నారో రాసి పంపాలన్న నిబంధన ఉందనుకోండి. 'పరిశీలనలో ఉంది' అని రాసినా రాసినట్టే.

బిల్లు కట్టేది మేమైనప్పుడు పొదుపు సంగతి మాకు తెలియదా, మధ్యలో ఈ తతంగం దేనికి అని పరిశ్రమలవారు అడుగుతారు. సిమెంటువాళ్లు అడిగితే సబబే. బొగ్గు, కరెంటు వాళ్ల ఖర్చుల్లో పెద్ద పద్దు, అందుకే కొలిమి నుంచి ఊరికే పోయే వేడితో కరెంటు తీసే యంత్రాలు కూడా కొందరు పెట్టుకున్నారు. కానీ ఆ 'మేము' అన్న మాటలో ఎంతమంది ఉన్నారో చూడండి. మోటారు కొనేది పర్చేజ్ విభాగం; ఎల్-1, అంటే అందరికంటే తక్కువ కోట్ చేసినవాడే వాళ్లకు దేవుడు. దాన్ని నడిపేది ప్లాంటు; ఉత్పత్తి ఆగకపోతే వాళ్లకు చాలు. బిల్లు కట్టేది అకౌంట్స్; నెలనెలా వచ్చే అంకెగానే వాళ్లు దాన్ని ఎరుగుదురు. నిరంతరం తిరిగే మోటారు జీవితకాలపు ఖర్చులో కొన్న ధర వాటా అయిదు శాతానికి మించదు, మిగతాదంతా అది తాగే కరెంటు. ఆ అయిదు శాతానికి మూడు కొటేషన్లు, ఒక కమిటీ, ఫైలు నిండా సంతకాలు. తొంభై అయిదు శాతానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. కంప్రెసర్ నొక్కి పంపే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లో పోవడం నిర్వహణ సరిగాలేని ఫ్యాక్టరీల్లో మామూలే. ఆయిలు కారి నేల మీద మరక పడితే ఫోర్‌మన్‌కు మెమో వస్తుంది. గాలికి మరక ఉండదు, కాబట్టి మెమో ఉండదు. బయటివాడు మీటరు పట్టుకుని రావాల్సింది అందుకే. ఆడిట్ పెట్టడం తప్పని నేననను, పెట్టినవాళ్లు సగం దారిలో ఆగి చప్పట్లు కొట్టించుకోవడమే విడ్డూరం.

ఆ చప్పట్ల కథ 'పాట్' పథకంలో ఉంది. పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్ అని 2012లో మొదలుపెట్టి, ఎనిమిది రంగాల్లో 478 యూనిట్లకు టన్ను సరుకుకు ఇంత ఇంధనం మించకూడదని లక్ష్యాలిచ్చారు. మొదటి విడతలో 66.86 లక్షల టన్నుల చమురుకు సమానమైన ఇంధనం ఆదా చేయమంటే 86.7 లక్షల టన్నులు చేశారు. 2016-19 విడతలో 88.69 లక్షలు అడిగితే 130 లక్షలు దాటింది. ఒకసారి ముప్పై శాతం ఎక్కువ, మరోసారి దాదాపు సగం ఎక్కువ. దీన్ని ఘనవిజయం అంటున్నారు. విజయం లేదని నేనూ అనను. ఉక్కులోనూ ఎరువుల్లోనూ నిజంగా పనులు జరిగాయి. కానీ అడిగిన ప్రతిసారీ అడిగినదానికంటే అంత ఎక్కువ దొరుకుతుంటే, అడగడంలో మొహమాటపడ్డామని అర్థం. పైగా ఈ లెక్కంతా టన్ను సరుకు మీద. సరుకు పెరిగినకొద్దీ మొత్తం వాడకం దర్జాగా పెరుగుతూనే ఉండొచ్చు, నిబంధన చెదరదు.

మొహమాటం ఖరీదు బజారులో తేలింది. లక్ష్యం దాటినవారికి టన్నుకొకటి చొప్పున ఎస్సెర్ట్ అనే పత్రం ఇస్తారు. తప్పినవారు అవి కొనుక్కుని లెక్క సరిచేసుకోవచ్చు. మొదటి విడతలో ఇచ్చినవి 38.25 లక్షల పత్రాలు, కొనాల్సినవి 14.25 లక్షలు. అమ్మేవాళ్లు బారులు తీరాక జరిగేది సంతలో ఎవరినడిగినా చెబుతారు: 13 లక్షల పత్రాలు చేతులు మారితే మొత్తం వ్యాపారం వంద కోట్లు, అంటే ఒక్కోటి ఏడెనిమిది వందలు. రెండో విడతకు ప్రభుత్వం మేలుకుని కనీస ధర పెట్టింది. 2018-19కి టన్ను ఇంధనం విలువ 18,402 రూపాయలని తానే ప్రకటించింది కాబట్టి అందులో పది శాతం, 1,840 రూపాయలు. బజారు ఆ కనీస ధర దగ్గరే కూర్చుంది. ఆషాఢం సేల్‌లో చీరల మీద కూడా ఇంత డిస్కౌంటు బోర్డు కనబడదు. లక్ష్యం తప్పిన కంపెనీ టన్ను ఇంధనం అదనంగా కాల్చి పద్దెనిమిది వేలు ఎలాగూ పోగొట్టుకుంటోంది, అదీ ఏటా. అయినా నిద్ర లేవలేదు. అలాంటివాణ్ణి విడతకొకసారి పద్దెనిమిది వందలతో తట్టి లేపుదామని మన పథకం! చట్టంలో పది లక్షల దాకా జరిమానా, 2022 సవరణ తర్వాత టన్ను ధరకు రెండింతల దాకా అదనపు వడ్డన ఉన్నమాట నిజమే. పక్క కొట్లో పదో వంతుకు పత్రం దొరుకుతుంటే ఆ వడ్డన దాకా ఎవరు వస్తారు? ధర పడిపోయిందంటే పొదుపు చవకగా దొరికినట్టే కదా, మార్కెట్ చేయాల్సింది అదే కదా అని అర్థశాస్త్రజ్ఞులు అనొచ్చు. లక్ష్యం బిగువుగా ఉన్నచోట ఆ మాట ఒప్పుకోవాలి. ఇక్కడ చవకైంది పొదుపు కాదు, మినహాయింపు.

ప్రభుత్వం తన ఇంటిని చక్కదిద్దుకున్నాక మాకు చెప్పమనే మాట కూడా పరిశ్రమల వైపు నుంచి వస్తుంది, దీనికి జవాబు కష్టం. 2020లో దేశంలోని కరెంటు పంపిణీ సంస్థలన్నిటినీ, అంటే డిస్కంలను, డిజిగ్నేటెడ్ కన్స్యూమర్లను చేశారు. 2021 నుంచి మూడు నెలలకోసారి లెక్క, ఏటా ఆడిట్. కానీ కొలతే లేనిచోట ఆడిట్ ఏం చూస్తుంది? మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులకు ఉచిత కరెంటు 2004 నుంచి నడుస్తోంది. ఏళ్లతరబడి వ్యవసాయ వాడకాన్ని నమూనాగా కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి మిగతాది అంచనా కట్టారు. మోటార్లకు మీటర్లన్న మాట ఎత్తితే ఎన్నికల సభలు దద్దరిల్లుతాయి. రైతుకు ఉచితంగా ఇవ్వడం ఒక విధాన నిర్ణయం, దాంతో నాకు పేచీ లేదు. ఎంత ఇచ్చామో తెలియకపోవడం విధానం కాదు. పంపుసెట్ల అంచనా ఒక మెట్టు పెంచితే దొంగతనాలు, తీగల నష్టాలు ఒక మెట్టు తగ్గి కనిపిస్తాయి. ఆడిటర్ వచ్చి అంచనా మీద శాతం కట్టి దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలు వేసి ఇస్తాడు. అయితే డిస్కం తప్పు ఫ్యాక్టరీకి మినహాయింపు కాదు. ఇద్దరి నివేదికలూ జనం ముందు పెట్టమనడానికి మాత్రం అది కారణం.

నిజానికి కావలసింది కొత్త రిటర్నో కొత్త ఫారమో కాదు, కాగితం భారం పెరిగిపోయిందన్న గోడు కొంత న్యాయమైనదే. ఉన్న నివేదికను బయట పెడితే చాలు. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన డైరెక్టివ్ ఆడిట్ సిఫార్సుల మీద కార్యాచరణ ప్రణాళిక వేయమంటుంది, వాటిలో ఎన్ని అమలయ్యాయో కంపెనీ వార్షిక నివేదికలో చెప్పమంటుంది. మన కంపెనీల చట్టం కూడా ఇంధన పొదుపు చర్యలను డైరెక్టర్ల నివేదికలో చెప్పమంటుంది. చాలా నివేదికల్లో అది ఒక పేరా. ఎల్‌ఈడీ బల్బులు పెట్టామని ఉంటుంది, మరుసటి ఏడు కూడా అవే బల్బులు వెలుగుతాయి. రెండేళ్లలోపు డబ్బు తిరిగొచ్చే సిఫార్సుల్లో ఏవి పక్కన పెట్టారో, ఎందుకు పెట్టారో ఆ పేరాలోనే రాయమంటే వాటాదారులే మిగతా ప్రశ్నలు అడుగుతారు. వ్యాపార రహస్యాలంటారా, లీకయ్యే గాలిలో ఏ రహస్యముంది?

ఇంతలో పాట్ స్థానంలోకి రంగాలవారీగా కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ వస్తోంది. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, కాగితం, క్లోర్-ఆల్కలీ రంగాలకు ఉద్గారాల లక్ష్యాలు నోటిఫై అయ్యాయి. లక్ష్యం తప్పి, పత్రాలూ కొనకపోతే ఆ ఏడు బజారులో పలికిన సగటు ధరకు రెండింతలు కట్టాలి. జరిమానాను పత్రం ధరకే ముడిపెట్టారన్నమాట: పత్రం చవకైతే జరిమానా కూడా చవకే. ధర పడిపోకుండా లక్ష్యాలు బిగించాల్సిన బాధ్యత ఢిల్లీ అధికారులది, బిగించకుండా చూసే బాధ్యత పరిశ్రమ సంఘాలది. వీరిద్దరిలో గడువులోగా పని ముగించే అలవాటు ఎవరికుందో చెప్పడానికి ఆడిటర్ అక్కర్లేదు.