'నాదేటీ నేదు': టీకా తాత్పర్య సహితం

మూలం: నాదేటీ నేదండి బాబూ, అంతా దేవుడి కృపే!

టీక: నాదేటీ నేదండి = ఈ కార్యమందు నా ప్రయాస యేమియు లేదు; బాబూ = శాలువా చేతబట్టి వేదికపై నిలిచిన ఓ పెద్దమనిషీ; అంతా = చందాల పుస్తకము మొదలు స్లాబు పోత దాకా గల సమస్తము; దేవుడి కృపే = దైవానుగ్రహమే గాని మరి యెవ్వరిదియు గాదు.

తాత్పర్యం: శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మందిర ప్రతిష్ఠ నాడు, శాలువా భుజాన పడుతుండగా పాస్టరుగారు పలికే వాక్యమిది. వినయానికి ఇది పరాకాష్ఠ అని పూర్వ వ్యాఖ్యాతలు. మాకు మాత్రం చివరి ఏకారం దగ్గర కాలు ముందుకు పడదు. 'నాది లేదు' అన్నంతవరకు ఆయన తన వాటా వదులుకున్నారు, సంతోషం. 'కృపే' అనేసరికి ఇసుక మోసిన కూలీల వాటా, రోజూ గుప్పెడు బియ్యం తీసి కానుక పెట్టిన ఆడవాళ్ల వాటా, ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీ వాటా కూడా ఆయనే రద్దు చేశారు. పోనీ అవన్నీ దేవుడి ఖాతాకే జమయ్యాయా అంటే, గోడలో దిగిన శిలాఫలకం మీద పాస్టరుగారి పేరు చెక్కుచెదరలేదు.

పక్కవాడి పేరు చెప్పకపోతే ఏం పోతుందో ఈ సీమ చరిత్రలోనే ప్రమాణం ఉంది. లండన్ మిషన్‌కు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి సువార్తల తర్జుమాకు పూనుకున్నారు. ఆనందరాయడు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడయ్యాడు. క్రాన్ 1809లో శ్రీకాకుళంలోనే కన్నుమూశాడు, మరుసటేడు డెగ్రాంజెస్ పోయాడు. 1812లో శ్రీరాంపూరులో అచ్చయిన మూడు సువార్తలు డెగ్రాంజెస్ తర్జుమాగానే చరిత్రకెక్కాయి. దొరలు పేరు కాజేశారనడం అన్యాయం. ఆనందరాయని సాయం సంగతి వారు తమ రాతల్లో చెప్పబట్టే మనకు తెలిసింది. 'అంతా దేవుడి కృపే' అని రాసి ఊరుకుంటే వినయం వారికి దక్కేది, ఆనందరాయడు మనకు దక్కేవాడు కాడు.

పూర్వపక్షం: కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనీయవద్దని మత్తయి సువార్తలో ఉంది కదా? ఉంది, అది తన ధర్మాన్ని తాను చాటుకునేవాడికి. పక్కవాడి చేతిని దాచమని అందులో లేదు. రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయంలో ఫీబేతో మొదలుపెట్టి పాతికమందికి పైగా పేర్లు చెప్పాడు పౌలు. లేఖకుడు తెర్తియు సైతం సొంత పేరుతో వందనాలు పంపాడు. పేర్లు చెప్పినందుకు దేవుడి మహిమ తరిగిందని ఏ వేదపండితుడూ అనలేదు.

మరొక ఆక్షేపం: పొగడ్త మనిషిని పాడుచేస్తుంది. నిజమే. అయితే 'అబ్బే, నాదేటీ నేదు' అని రెండుసార్లు అంటే అవతలివాళ్లు నాలుగుసార్లు పొగుడుతారు, ఆ లెక్క తెలియనివారు వేదికల మీద తక్కువ. 'సంతోషమండి' అని ఒక్కమాటతో పుచ్చుకుని, తాపీమేస్త్రిని పేరు పెట్టి పిలిస్తే ఆ పొగడ్త అక్కడితో ఆగుతుంది.

విశేషం: వానాకాలంలో స్లాబు కారితే ఈ మూలవాక్యం వినబడదు. అప్పుడు మేస్త్రి పేరు ఇంటిపేరుతో సహా సంఘమంతటికీ గుర్తొస్తుంది.